చలువ పందిరా, నిండు డేరా?

శనివారం ఉదయం ఏడు గంటలకు క్లైవ్ ఆర్మిటేజ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య పాలీన్ తువ్వాలు భుజాన వేసుకుని, కారవాన్లు నిలిపే మైదానం చివర ఉన్న స్నానాల గదులవైపు వెళ్లగానే చలువ పందిరి కట్టెయ్యాలి. ఆమె తిరిగొచ్చేసరికి దాని కింద రెండు కుర్చీలు, మధ్యన బల్ల, బల్లమీద టీ సిద్ధంగా ఉండాలి. ఆ నీడలో కూర్చుని, సముద్రం మీంచి వచ్చే గాలి ముఖానికి తగులుతుండగా రెండు గుక్కలు తాగాక, ఇక డేరా సంగతి ఎవరు అడుగుతారు?

ఆ ఇంట్లో ఈ పందిరి, డేరా గొడవ ఇవాళ్టిది కాదు. కారు వెనక తగిలించుకుని తిరిగే కారవాన్ పక్కన ఏదో ఒకటి కట్టుకోకపోతే ఇద్దరు మనుషులు ఆ పెట్టెలో ఒకరు లేస్తే ఒకరు కూర్చోవాలి. క్లైవ్‌ది పందిరి పక్షం. పైన ఒక గుడ్డ, ముందు రెండు కర్రలు, నాలుగు తాళ్లు. ఆరు కిలోలు, ఐదు నిమిషాల పని. పాలీన్‌ది నిండు డేరా పక్షం. చుట్టూ గోడలు, కిటికీలు, కిటికీలకు తెరలు, జిప్పు తలుపు. లోపల ఆరుగురు కూర్చుని దర్జాగా భోంచెయ్యొచ్చు. దాని బరువు ముప్ఫై ఎనిమిది కిలోలు. కట్టడానికి రెండున్నర గంటలు పడుతుంది, ఆ తర్వాత మొగుడూ పెళ్లాలు మాట్లాడుకోవడానికి ఒక్కోసారి రెండు రోజులు పడుతుంది.

బరువు విషయంలో క్లైవ్ మాటను తీసిపారెయ్యడానికి లేదు. యార్క్‌షైర్‌లో ఇరవై తొమ్మిదేళ్లు తూనికలు, కొలతల ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. మాంసం కొట్టువాడు త్రాసు మీద బొటనవేలు ఆనించినా, పబ్బువాడు గ్లాసులో నురగ ఎక్కువ పోసినా క్లైవ్ కంట పడకుండా పోలేదు. వస్తువు చేతికిస్తే చాలు, యాభై గ్రాముల తేడా చెప్పేస్తానని ఆయన నమ్మకం. కారవాన్‌లోకి ఎక్కే ప్రతిదాన్నీ తూచేవాడు. చెంచాలు తూచాడు. పాలీన్ ఇంటి చెప్పులు కూడా తూచి, "ఎడమది ఎక్కువుంది" అన్నాడొకసారి. ఆమె ఏమందో ఇక్కడ రాయకపోవడమే మంచిది.

ఈసారి మాత్రం వ్యవహారం చెంచాల దగ్గర ఆగేలా లేదు. పాలీన్ అక్క వాలరీ భర్త పోయాక స్పెయిన్ వెళ్లి, సముద్రం ఒడ్డున ఫ్లాట్ కొనుక్కుంది. అక్కడ ఏడాదికి మూడువందల రోజులు ఎండ అని ఆవిడ చెప్పని రోజు లేదు. సెలవులకు ఇంగ్లండ్ వచ్చిన ఆవిడ ఆదివారం మధ్యాహ్నం భోజనానికి కారవాన్ దగ్గరికే వస్తానంది. "ఇంకా ఆ డబ్బాలోనే తిరుగుతున్నారా మీరు?" అని ఫోన్లో నవ్వింది కూడా. ఆ నవ్వు పాలీన్‌కి ఎక్కడో గుచ్చుకుంది.

"చూడు క్లైవ్," అంది ఫోన్ పెట్టేసి. "ఆదివారం మా అక్కని నాలుగు గోడల మధ్య, పొడిగా, మనిషిలా కూర్చోబెట్టి భోజనం పెట్టాలి. పెట్టామా, కారవాన్ ఉంటుంది. అలాకాకుండా పోయినేడులాగా నెత్తిమీద గుడ్డ, ఒళ్లో వాన అయిందా, సోమవారం దాన్ని అమ్మకానికి పెట్టేస్తాను. వాలరీ పక్క ఫ్లాట్ ఖాళీగా ఉందట. నువ్వొస్తే రా, లేకపోతే నీ ఇష్టం."

పాలీన్ ఉత్తుత్తి బెదిరింపులు బెదిరించే మనిషి కాదు. క్లైవ్‌కి ఆ కారవాన్ అంటే ప్రాణం. పంతొమ్మిదేళ్లుగా ఏ గడ్డి మైదానంలో నిలిపినా పొద్దున్నే దాని మెట్టు మీద కూర్చుని బూట్లు తొడుక్కోవడంలో ఉన్న సుఖం ఆయనకి ఇంకెక్కడా దొరకలేదు.

బుద్ధున్నవాడైతే డేరా మూటని నెత్తిన పెట్టుకుని తెచ్చేవాడు. క్లైవ్‌కి బుద్ధితోపాటు నడుము నొప్పి కూడా ఉంది. పైగా ఆదివారం ఎండ కాస్తుందని రేడియో చెప్పింది. అందుకని గురువారం మధ్యాహ్నం పాలీన్ బజారుకి వెళ్లినప్పుడు, మూటని గరాజులో గడ్డి కోసే మిషన్ వెనక నిలబెట్టి పాత దుప్పటి కప్పేశాడు.

"డేరా ఎక్కించావా?" అని అడిగింది పాలీన్ వచ్చాక.

"ఆఁ, ఎక్కించా," అన్నాడు క్లైవ్. ఇరవై తొమ్మిదేళ్లు ఎదుటివాళ్ల అబద్ధాలు పట్టుకున్న మనిషి ఇంత తేలిగ్గా అబద్ధం ఆడగలిగినందుకు తనకే ఆశ్చర్యం వేసింది.

శుక్రవారం సముద్రపొడ్డున ఉన్న విట్బీ ఊరి దారిలో కొండ ఎక్కుతున్నప్పుడు ఆయన ఉత్సాహం పట్టలేకపోయాడు. "చూశావా, బండి ఎంత తేలిగ్గా లాగుతోందో! బరువు సర్దడం ఒక కళ పాలీన్. అందరికీ రాదు."

"నిజమే, కళే," అంది పాలీన్, కిటికీలోంచి గొర్రెల్ని చూస్తూ.

ఇక శనివారం. పందిరి కట్టడానికి నిజంగానే ఐదు నిమిషాలు పట్టింది. తాళ్లు బిగించాడు, కుర్చీలు వేశాడు, టీ పెట్టాడు. పాలీన్ తడి జుట్టుతో వచ్చి, కుర్చీలో కూర్చుని, టీ తాగి, పైకి చూసింది.

"బాగుంది," అంది.

క్లైవ్ గుండె తేలికపడింది.

"ఇక దీన్ని విప్పేసి డేరా కట్టెయ్. మధ్యాహ్నం నుంచి కూరలు తరగాలి నేను."

పందిరికైనా డేరాకైనా కారవాన్ పక్కన అంచు దూర్చే గాడి ఒక్కటే ఉంటుంది. ఒకటి ఉంటే రెండోది ఉండదు. క్లైవ్ ఆ గాడి వైపు చూశాడు, సముద్రం వైపు చూశాడు, కప్పులో అడుగున మిగిలిన టీ వైపు చూశాడు.

"డేరా... అదీ... మరమ్మతుకిచ్చాను."

"గురువారం ఎక్కించానన్నావుగా?"

"ఎక్కించాను. ఎక్కించాక చూస్తే జిప్పు ఊడింది. దింపేసి ఇచ్చేశాను. నీకు చెబితే కంగారుపడతావని."

"ఓహో," అంది పాలీన్. ఇంకేమీ అనలేదు. ఆమె అలా ఏమీ అనకపోవడం క్లైవ్‌కి కొంచెం అనుమానం కలిగించి ఉండాల్సింది.

మైదానంలో కారవాన్‌కీ కారవాన్‌కీ మధ్య ఆరు మీటర్లు ఉండాలని నియమం. ఆరు మీటర్లలో ఎవరు దగ్గినా ఎవరు కసురుకున్నా పక్కవాళ్లకి వినబడుతుంది. అందుకని అందరూ అన్నీ వింటూ, ఏమీ విననట్టు పేపరు చదువుకోవడం ఇక్కడి మర్యాద. ఆ మర్యాదకి ఒక్కటే మినహాయింపు, డేరాలు. డేరాకి కష్టం వచ్చిందని చెవిన పడితే ఎవరూ కూర్చోలేరు. పక్క కారవాన్‌లో ఆ పొద్దునే దిగిన డెరిక్ పికర్స్‌గిల్ పేపరు మడిచి లేచాడు.

"క్షమించాలి, వినకూడదనే అనుకున్నాను. జిప్పుకి ఏదో అయిందన్నారు? నా దగ్గర పాత డేరా ఒకటుంది. కొత్తది కొన్నాం కానీ దాన్ని పారెయ్యడానికి మనసు రాలేదు. కారు వెనకే ఉంది."

"అబ్బే, మీకెందుకండీ శ్రమ," అన్నాడు క్లైవ్ గబగబా.

"శ్రమేముంది!"

"కాదండీ, నిజంగా, మేం సర్దుకుంటాం."

"మొహమాటపడకండి."

రెండుసార్లు వద్దనొచ్చు. మూడోసారి కూడా వద్దంటే ఎదుటివాణ్ని అవమానించినట్టు. ఆ గీత దాటడం క్లైవ్ పుట్టి ఎరగడు.

"మీ దయ," అన్నాడు నీరసంగా.

పాలీన్ కప్పులు లోపలికి తీసుకెళ్లిపోయింది. ఆమె భుజాలు కొంచెం కదులుతున్నట్టు అనిపించింది కానీ క్లైవ్ అంత పట్టించుకునే స్థితిలో లేడు.

డెరిక్ మూట ఈడ్చుకొచ్చాడు. క్లైవ్ దానిమీద కుట్టిన అంకె చూశాడు. డేరా కొలత అంటే నేల నుంచి టేపు పైకెత్తి, కప్పు మీదుగా తిప్పి, మళ్లీ నేలదాకా తెచ్చి కొలిచేది. క్లైవ్ కారవాన్ తొమ్మిది మీటర్ల ఇరవై. మూటమీద పది మీటర్ల అరవై అని ఉంది.

"ఇది మాకు పెద్దదవుతుందండీ," అన్నాడు ఆశగా.

"ఎంతేం లేదు, అటో ఇటో ఒక జానెడు."

"మీటరూ నలభై సెంటీమీటర్లు."

"అదే, జానెడు," అన్నాడు డెరిక్ మూట విప్పుతూ.

ఆ మాట ఉద్యోగంలో ఉండగా ఎవరైనా అనుంటే క్లైవ్ అక్కడికక్కడే నోటీసు రాసేవాడు. ఇప్పుడు నోరు మూసుకుని పందిరి విప్పాడు. విప్పిన పందిరిని డెరిక్ భార్య మ్యూరియెల్ వచ్చి, నూలు చీర చూసినట్టు వేళ్లమధ్య నలిపి చూసింది.

"ఎంత తేలిగ్గా ఉందమ్మా! ఇరవై రెండేళ్లుగా ఈయన కట్టే డేరాల్లో కూర్చుని ఉడికిపోతున్నాను. ఈ రెండు రోజులూ మేం కట్టుకోవచ్చా?"

"మనకి కొత్త డేరా ఉందిగా!" అన్నాడు డెరిక్.

"ఉండనీ. మూటలోనే ఉండనీ."

పందిరికి ఈ చుట్టుకొలతల గోల లేదు. ఐదు నిమిషాల్లో క్లైవ్ పందిరి పికర్స్‌గిల్ వాళ్ల కారవాన్‌కి ఎక్కింది. మ్యూరియెల్ దాని కింద కాళ్లు చాపుకుని కూర్చుని అల్లిక తీసింది. క్లైవ్ అటు చూడకుండా ఉండటానికి చాలా ప్రయత్నించాడు.

ఇటువైపు నలభై మూడు కర్రలు గడ్డిమీద పరిచారు. ఏది దేనిలో దూరాలో గుర్తుకోసం అతికించిన రంగు టేపులు ఎప్పుడో రాలిపోయాయి. "చూస్తే తెలిసిపోతుంది," అన్నాడు డెరిక్. తెలియలేదు. ఒకరు డేరా కడుతున్నారంటే మైదానంలో మిగతావాళ్లకి మ్యాట్నీ ఆట ఉన్నట్టే. మడత కుర్చీలు ఒక్కొక్కటే వచ్చి, మర్యాదకి సగం అటు తిరిగి వాలాయి. నవ్వకూడదు, సలహా ఇవ్వొచ్చు. సలహాలు ఇచ్చారు. పదకొండు గంటలకి డేరా అనదగ్గది ఒకటి లేచి నిలబడింది. మిగిలిన మీటరూ నలభై సెంటీమీటర్ల గుడ్డ నడినెత్తిన గుంటలా వేలాడింది.

"కొంచెం జారినట్టుంది," అన్నాడు క్లైవ్.

"వాన పడితే కదా బాధ," అన్నాడు డెరిక్.

అప్పుడే మిసెస్ లోమాక్స్ వచ్చింది. మైదానంలో పువ్వుల పోటీ అయినా, తప్పిపోయిన కుక్క అయినా, ఎవరింట్లో పురుడైనా చావైనా ఆవిడ చేతిమీదుగా జరగాల్సిందే.

"మీ డేరా మరమ్మతుకిచ్చారట కదా? ఎవరికిచ్చారు? ఈ చుట్టుపక్కల డేరాలు కుట్టేది మా మరిది కెన్ ఒక్కడే. ఇప్పుడే ఫోన్ చేసి అడుగుతానుండండి."

"ఆయనకి కాదండీ!" అన్నాడు క్లైవ్, గొంతు కాస్త పెద్దదై. "వేరే ఆయన. హల్ పట్నంలో."

"హల్‌లో ఎవరబ్బా?"

క్లైవ్ కళ్లు సాయం కోసం వెతికాయి. స్టవ్ మీద కెటిల్ కనిపించింది. "మిస్టర్ కెటిల్‌వెల్."

"ఎప్పుడూ వినలేదే! ఎప్పుడిస్తాడట?"

"ఇప్పట్లో ఇవ్వలేడు పాపం. నిచ్చెన మీంచి పడ్డాడు. చెయ్యి విరిగింది."

"అయ్యో దేవుడా! కుడి చెయ్యా?"

ఎడమ చెయ్యి అంటే కుడి చేత్తో కుట్టొచ్చుగా అంటుందేమోనని, కుడి అంటే ఎడమ అంటుందేమోనని, క్లైవ్ ఏ చిక్కూ లేని జవాబు చెప్పాడు. "రెండూ."

మడత కుర్చీల్లోంచి "చ్చొ చ్చొ" అని వినిపించింది. రెండు చేతులూ విరిగిన కుట్టుపనివాడు! మిసెస్ లోమాక్స్ కారవాన్‌లో ఒక అట్టపెట్టె ఉంది. అందులో అన్ని సందర్భాలకీ కార్డులుంటాయి. పావుగంటలో "త్వరగా కోలుకోండి" అని పూల బొమ్మతో ఉన్న కార్డు మైదానం చుట్టడం మొదలుపెట్టింది. సాయంత్రానికి దానిమీద నలభై ఒక్క సంతకాలు పడ్డాయి. కెటిల్‌వెల్ పేరు ఆ పొద్దున్నే విన్న ఒక పెద్దాయన, "మీవంటి చేతులు మళ్లీ పుట్టవు" అని రాశాడు. మ్యూరియెల్ పందిరి కింద కూర్చునే పిండి కలిపి, ఎండు ద్రాక్షల కేకు ఒకటి చేసిపెట్టింది.

కార్డు చివరికి ఆర్మిటేజ్ దంపతుల దగ్గరికొచ్చింది. క్లైవ్ సంతకం పెట్టాడు. పాలీన్ పెన్ను పట్టుకుని చాలాసేపు ఆలోచించి, "మిమ్మల్ని కళ్లారా చూడాలని ఎంతో ఆశగా ఉంది" అని రాసింది.

"నాకు చెప్పాల్సింది ఏమైనా ఉందా క్లైవ్?" అంది కార్డు మూస్తూ. "ఏమీ లేదు, నీ ముఖం అదోలా ఉంటే అడిగాను."

అప్పుడు చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ చెబితే అబద్ధం బయటపడి కారవాన్ పోతుంది. చెప్పకపోతే రేపు భోజనం పొడిగా గడిచిపోతే చాలు, కారవాన్ మిగులుతుంది. క్లైవ్ మనసులో త్రాసు పెట్టి తూచాడు. తప్పు తూచాడు.

"ఎండకి," అన్నాడు.

ఆదివారం పన్నెండింటికి వాలరీ తెల్ల ప్యాంటు, తెల్ల బూట్లు వేసుకుని అద్దె కారు దిగింది. డేరాలోకి అడుగుపెట్టి చుట్టూ చూసింది. పాలీన్ కిటికీలకి తెరలు కట్టింది, బల్లమీద గుడ్డ పరిచింది, జాడీలో పసుపు పూలు పెట్టింది. కాల్చిన కోడి, బంగాళాదుంపలు, పిండితో పొంగించిన యార్క్‌షైర్ పుడ్డింగ్, చిక్కటి గ్రేవీ పొగలు కక్కుతున్నాయి.

"ఫరవాలేదే! ఇల్లులాగే ఉంది," అంది వాలరీ, ఒప్పుకోవడానికి కష్టపడుతూ. "మా దగ్గరైతే గోడలక్కర్లేదనుకో. మూడువందల రోజులు ఎండ."

పాలీన్ ముఖం వెలిగింది. క్లైవ్ కోడిని కోస్తూ మొదటిసారి ఊపిరి పూర్తిగా పీల్చుకున్నాడు. గట్టెక్కేశాననుకున్నాడు.

ఒంటిగంటకి సముద్రం మీద ఒక నల్లటి పట్టీ కనబడింది. ఒంటిగంటన్నరకి వాన వచ్చింది. నడినెత్తిన గుంటలోకి నీళ్లు చేరడం క్లైవ్ చూశాడు. ముందు ఒక పళ్లెం అంత, తర్వాత ఒక బేసిన్ అంత. అది సరిగ్గా వాలరీ కుర్చీ మీద ఉంది.

"వాలరీ, కొంచెం ఇటు జరుగుతారా? అక్కడ గాలి వస్తుంది."

"నాకు గాలంటే ఇష్టమే."

క్లైవ్ చీపురు తీసి, మునివేళ్ల మీద నిలబడి, గుంటని కిందనుంచి పొడిచాడు. నీళ్లు ఇటునుంచి అటు వెళ్లి, మళ్లీ ఇటే వచ్చాయి. చేతికి తగిలిన బరువు చూసి ఆయనకి అలవాటుగా అంకె తట్టింది. అరవై కిలోలు. నిమిషం తర్వాత మళ్లీ పొడిచాడు. ఎనభై.

అప్పుడే జిప్పు తలుపు తెరుచుకుంది. మిసెస్ లోమాక్స్, ఆవిడ వెనక కేకుతో మ్యూరియెల్, ఆవిడ వెనక డెరిక్, ఆయన వెనక ఇంకో పదకొండుమంది. అందరూ కాళ్లు తుడుచుకుని, "భోజనం వేళ వచ్చాం, క్షమించాలి" అని తలా ఒకసారి చెప్పి, వరసలో నిలబడ్డారు. మిసెస్ లోమాక్స్ చేతిలో ఫోన్ ఉంది.

"మంచి కబురు మిస్టర్ ఆర్మిటేజ్! మా కెన్ ఎంత మంచివాడో! కెటిల్‌వెల్ గారి దగ్గర ఆగిపోయిన పనంతా పైసా తీసుకోకుండా తను కుట్టిస్తానన్నాడు. మన నలభై ఒక్క సంతకాల కార్డు సంగతి చెప్పి ముందు పలకరించి రమ్మన్నాను. ఇప్పుడు హల్‌లోనే ఉన్నాడు, లైన్లో. ఇంటి నంబరు చెప్పండి."

ఫోన్ క్లైవ్ ముఖం ముందుకొచ్చింది. పదహారు జతల కళ్లు ఆయన మీదున్నాయి. వాలరీ ఫోర్క్ ఆపి చూస్తోంది. క్లైవ్ నోరు తెరిచాడు.

పైన పుటుక్కుమని ఒక కర్ర ఊడింది.

ఆ తర్వాత జరిగింది చాలా త్వరగా జరిగింది. గుంట తిరగబడి, నీళ్లన్నీ ఒక్కసారిగా వాలరీ మీద పడ్డాయి. మిగతా నలభై రెండు కర్రలూ ఒకదాన్ని చూసి ఒకటి పక్కకి ఒరిగాయి. డేరా పదిహేడుమందిని కప్పుకుంటూ తీరుబడిగా కూలింది. తడి గుడ్డ కింద కాసేపు ఎవరి మోచెయ్యి ఎవరిదో తెలియలేదు. "అయ్యో, మీ కాలా? క్షమించాలి." "ఫరవాలేదండీ, నాదే తప్పు." ఒక్కొక్కరే పాక్కుంటూ బయటికొచ్చారు. అక్కడ, ఆరు మీటర్ల దూరంలో, క్లైవ్ పందిరి గాలిని కిందనుంచి పోనిస్తూ హాయిగా నిలబడి ఉంది.

అమ్మయ్య, ఇంటి నంబరు గొడవ తప్పిందనుకున్నాడు క్లైవ్. గడ్డిలో పడున్న ఫోన్లోంచి గొంతు వినిపించింది. "హలో? హలో వదినా? ఇంటి నంబరు?"

క్లైవ్ తడిసి ముద్దయిన వాలరీని చూశాడు. గ్రేవీ ఆవిడ తెల్ల ప్యాంటు మీదుగా బూట్లలోకి దిగుతోంది. పొడిగా భోజనం అన్న మాట అక్కడితో పోయింది, దాంతో కారవానూ పోయింది. ఇక దాచడానికి మిగిలిందేమిటి? ఫోన్ తీసుకున్నాడు.

"కెన్ గారూ, ఇంటికెళ్లిపోండి. కెటిల్‌వెల్ అనే మనిషి లేడు. నేను కల్పించాను. జిప్పు బాగానే ఉంది. డేరా బరువని చెప్పి మా గరాజులో దాచొచ్చాను. మీ అందరికీ అబద్ధం చెప్పాను. పాలీన్‌కి కూడా. నాకు సిగ్గుగా ఉంది."

వానలో పద్నాలుగుమంది నిలబడ్డారు. ఎవరు ఎటు చూడాలో తెలియక అందరూ సముద్రం వైపు చూశారు.

"అయితే ఆయన చేతులు బాగానే ఉన్నాయన్నమాట," అంది మ్యూరియెల్ చివరికి. "అది సంతోషం."

"వాన తగ్గుముఖం పట్టింది," అన్నాడు ఇంకొకాయన.

పాలీన్ జుట్టులోంచి బంగాళాదుంప ముక్క తీసి పక్కన పెట్టింది. "ఒక్క చిన్న సవరణ క్లైవ్. డేరా గరాజులో లేదు."

"ఉంది పాలీన్. గడ్డి మిషన్ వెనక..."

"లేదు."

ఆమె కారవాన్‌లోకెళ్లి, తన వైపు మంచం పలక ఎత్తింది. దాని కింద దుప్పట్లుండే పెట్టెని క్లైవ్ పంతొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు, పక్కలు వేసేది ఆయన కాదు కనక. పాలీన్ లోపలినుంచి ఒక మూట ఈడ్చి మెట్లమీంచి కిందికి దొర్లించింది. సొంత డేరా. ముప్ఫై ఎనిమిది కిలోలు.

"గురువారం మడత కుర్చీల కోసం గరాజులోకెళ్తే గడ్డి మిషన్ వెనక ఏదో దుప్పటి కప్పుకుని కనబడింది," అంది. "మూడు విడతలుగా మోసుకొచ్చి పెట్టాను. ఎప్పుడు చెప్తావో చూద్దామనుకున్నా. కెటిల్‌వెల్ గారికి రెండు చేతులూ విరిగాక మధ్యలో ఆపబుద్ధి కాలేదు."

క్లైవ్ మూటని చూశాడు, కారుని చూశాడు, మళ్లీ మూటని చూశాడు. "అంటే... శుక్రవారం... కొండ మీద..."

"ఎంత తేలిగ్గా లాగిందో!" అంది పాలీన్.

ఆ మాటకి ముందు నవ్వింది వాలరీ. అందరూ ఆవిడ ఏడుస్తోందనుకుని తువ్వాళ్లు అందించారు. ఆవిడ గడ్డిలో కూలబడి, గ్రేవీ కారుతున్న బూటు ఒకటి చేత్తో పట్టుకుని, కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వింది. "లేని మనిషికి నలభై ఒక్క సంతకాలా! ఆ ఫ్లాట్‌లో పోయిన చలికాలం పదిహేను రోజులు జ్వరంతో పడుకున్నానే పాలీన్, పక్కింటివాళ్లు తలుపు కూడా తట్టలేదు."

మిసెస్ లోమాక్స్ వెళ్లి పొడి గౌను తెచ్చి ఆవిడ భుజాలమీద కప్పింది. మ్యూరియెల్ కెటిల్‌వెల్ గారి కేకు కోసి మొదటి ముక్క ఆవిడకే ఇచ్చింది. అందరూ పందిరి కింద ఇరుక్కుని నిలబడి, గాలి ముఖాన కొడుతుంటే, తడి చేతులతో కేకు తిన్నారు. పాలీన్‌కి పదేళ్లలో అంతగా నవ్విన రోజు గుర్తులేదు. ఆ మాట క్లైవ్‌తో అంది కూడా. "ఈ డబ్బా అమ్మేస్తే నాకు ఈ వినోదం ఎక్కడ దొరుకుతుంది? ఉండనీలే."

క్లైవ్ కళ్లు చెమర్చాయి. వానలో ఎవరికీ తెలియలేదు.

అయితే తీర్పు అంతటితో ఆగలేదు. కూలినప్పుడు చిరిగిపోయిన డెరిక్ పాత డేరాకి బదులుగా చలువ పందిరి మ్యూరియెల్‌కి శాశ్వతంగా చెందింది. వాలరీ ఇక ఏటా ఆగస్టులో ఇరవై రోజులు వీళ్లతోనే వస్తానంది, పడుకోవడానికి డేరా ఉందిగా అంది. కార్డు పాలీన్ తన దగ్గరే ఉంచుకుంది.

సోమవారం తిరుగు ప్రయాణంలో కారు అదే కొండ ఎక్కింది.

"బండి ఎలా లాగుతోంది?" అంది పాలీన్, కిటికీలోంచి గొర్రెల్ని చూస్తూ.

"నువ్వే చెప్పాలి," అన్నాడు రిటైర్డ్ తూనికలు, కొలతల ఇన్‌స్పెక్టర్.